పొరుగు రాష్ట్రంలో చదువు: ఖర్చెంత, స్కాలర్‌షిప్ ఎక్కడ?

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత వచ్చే మొదటి శుక్రవారం జుమా నమాజు ముగియగానే మస్జిదు వరండాలో ఇద్దరు ముగ్గురు తండ్రులు మార్కుల మెమోలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఈ దృశ్యం మారలేదు. "మౌల్వీసాబ్, పిల్లవాడికి తొమ్మిది వందలు దాటాయి. అలీగఢ్‌లో సీటు వస్తుందంటారా? మీరు ఉర్దూలో ఒక ఉత్తరం రాసిస్తే..." అని అడుగుతారు. ఉత్తరంతో సీటు వచ్చే పద్ధతి అక్కడ లేదు. అంతకన్నా బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ తండ్రి నా దగ్గరకు వచ్చేనాటికి దరఖాస్తు గడువే దాటిపోయి ఉంటుంది.

2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు డిగ్రీ ప్రవేశాలకు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్షను పాటిస్తున్నాయి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా కొన్ని కోర్సులకు ఈ పరీక్ష మార్కులు తీసుకుంటూ, మిగతా వాటికి తమ సొంత పరీక్ష పెట్టుకుంటున్నాయి. 2025లో సి.యు.ఇ.టి. దరఖాస్తులు మార్చి నెలలోనే ముగిశాయి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చింది ఏప్రిల్ 12న, తెలంగాణలో ఏప్రిల్ 22న. అంటే ఫలితాలు చూశాక ఆలోచిద్దాం అనుకున్న ప్రతి కుటుంబమూ ఆ ఏడాదికి ఆ ద్వారాన్ని పోగొట్టుకున్నట్టే. సెకండ్ ఇయర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాటలు డిసెంబరులోనే జరగాలి. ఆ పరీక్షను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవచ్చునన్న విషయం కూడా మనలో చాలామందికి తెలియదు.

ఈ సంవత్సరాల్లో మైనారిటీ విద్యార్థుల సహాయం విషయంలో ఏం జరిగిందో ముందుగా చూడాలి. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చిన తరువాత కేంద్రం ప్రీమెట్రిక్, పోస్ట్‌మెట్రిక్, మెరిట్ కమ్ మీన్స్ అనే మూడు స్కాలర్‌షిప్పులు పెట్టింది. మన ఊళ్లలో వాటితో చదువుకున్న పిల్లలు నేడు టీచర్లుగా, నర్సులుగా ఉన్నారు. 2022 నవంబరులో ప్రీమెట్రిక్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేశారు. అదే ఏడాది డిసెంబరులో, పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపుతున్నట్టు లోక్‌సభలో ప్రకటించారు. విదేశీ చదువుల అప్పుపై వడ్డీ భరించే పథకమూ ఆ రోజుల్లోనే పోయింది. 1989లో స్థాపించిన మౌలానా ఆజాద్ విద్యా ఫౌండేషన్‌ను మూసివేయమని 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ పేరిట స్కాలర్‌షిప్ ఇచ్చింది ఈ ఫౌండేషనే.

దీనికి మరో ముఖం కూడా ఉంది, దాన్ని దాచుకోకూడదు. 2023లో మైనారిటీ వ్యవహారాల శాఖ 1572 విద్యాసంస్థలను తనిఖీ చేయిస్తే 830 సంస్థలు ఉత్తుత్తివనో, పనిచేయనివనో తేలింది. 144 కోట్లకు పైగా సొమ్ము తప్పుదారి పట్టిందని సి.బి.ఐ.కి అప్పగించారు. దొంగలను పట్టుకోవడం న్యాయమే. కాని దొంగ పట్టుబడ్డాడని బావినే పూడ్చేస్తే దప్పికతో ఉన్నవాడు ఎక్కడికి పోవాలి? అందుచేత నేను చెప్పేది ఒకటే. పాత కరపత్రాలు చూసి, పక్కింటివాళ్ల పెద్దబ్బాయికి వచ్చింది కదా అని, మైనారిటీ స్కాలర్‌షిప్ వస్తుందన్న లెక్కతో పిల్లవాణ్ణి దూరం పంపకండి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఆ ఏడాదికి ఆ పథకం తెరిచి ఉందని కళ్లతో చూసిన తరువాతే దాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఇక అలీగఢ్ గురించి మనలో ఉన్న అపోహ. "అది మన యూనివర్సిటీ, మనవాళ్లకు సీట్లు ఉంటాయి" అనుకుంటారు. అక్కడ మతం ఆధారంగా కేటాయించిన సీట్లు లేవు. ఉన్నదల్లా లోపలివారి కోటా. సగం సీట్లు ఆ విశ్వవిద్యాలయపు సొంత పాఠశాలల్లో, కళాశాలల్లో చదివినవారికి పోతాయి. అది మైనారిటీ సంస్థ కాదన్న 1967 నాటి తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 8న నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తోసిపుచ్చింది గాని, అలీగఢ్‌కు ఆ హోదా ఉన్నదా లేదా అన్న ప్రశ్నను మరో ధర్మాసనానికి వదిలింది. కాబట్టి ఆ తీర్పు చూసి సంబరపడి సీటు ఖాయమనుకోవడం తొందరపాటు. జామియా సంగతి వేరు. 2011లో దానికి మైనారిటీ హోదా లభించింది. అక్కడ సగం సీట్లు ముస్లింలవి: 30 శాతం అందరికీ, 10 శాతం ముస్లిం స్త్రీలకు, 10 శాతం ముస్లిం ఓబీసీ, గిరిజనులకు.

ఈ ఓబీసీ అన్న మాట దగ్గరే మన తెలుగు ముస్లింలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. 2007 చట్టంతో మనకు బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. అది రాష్ట్ర జాబితా. కేంద్ర జాబితాలో బీసీ-ఇ లేదు. గుంటూరు షేక్ కుటుంబంలోని పిల్లవాడు తన బీసీ-ఇ పత్రం చూపించి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, జె.ఎన్.యు.లోనో ఓబీసీ గడిలో టిక్కు పెడితే, సీటు వచ్చాక పత్రాల పరిశీలనలో అది చెల్లదు. దూదేకుల వారి సంగతి అలా కాదు. వారు రాష్ట్రంలో బీసీ-బి, కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. వారు కేంద్ర నమూనాలో క్రీమీలేయర్ కాని ఓబీసీ పత్రం తెచ్చుకోవాలి. మిగిలినవారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి షరతులు సరిపోతే, ఈడబ్ల్యూఎస్ కోటా వైపు చూడాలి. ఆ పత్రం ఏప్రిల్ ఒకటి తరువాత కొత్తగా తీసుకోవాలి, పాతది పనికిరాదు. తహశీల్దారు కార్యాలయంలో "మీరు బీసీ కదా, ఈడబ్ల్యూఎస్ ఎలా ఇస్తాం" అని వెనక్కి పంపితే, కేంద్ర సంస్థలో ప్రవేశం కోసమని, కేంద్ర జాబితాలో మన వర్గం లేదని ఓపికగా చెప్పాలి. రెండుసార్లు తిరగవలసి రావచ్చు. తిరగండి. అయితే జామియా వంటి మైనారిటీ సంస్థల్లో ఈడబ్ల్యూఎస్ కోటా ఉండదు.

పొరుగు రాష్ట్రం అన్నప్పుడు ఇప్పుడు హైదరాబాదును కూడా చెప్పుకోవలసి వస్తోంది. కర్నూలు, కడప, గుంటూరు నుంచి మన తండ్రులు, తాతలు హైదరాబాదుకు వెళ్లి చదువుకున్నారు, అది వేరే రాష్ట్రమన్న ఊహే వారికి లేదు. విభజన చట్టం పదేళ్లపాటు పాత ప్రవేశ కోటాలను కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం మిగిలిన 15 శాతం సీట్లను కూడా తెలంగాణతో సంబంధమున్న వారికే పరిమితం చేసింది. ఇకమీదట ఉస్మానియా కాలేజీల్లో ఆంధ్ర ప్రాంతపు పిల్లలు పొరుగువారే. ఆ ఊళ్లోనే ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఈ హద్దు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం దేశమంతటికీ ఒకే తలుపు తెరిచాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక ఫీజూ తక్కువ, హాస్టలూ తక్కువ. ఢిల్లీ వెళ్లే ముందు ఇంటి పక్కనున్న వీటిని చూడకపోవడం విచిత్రం.

దీనికి తలకిందులుగా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. డాక్టరు చదువు మీద ఆశతో చాలామంది పదో తరగతి కాగానే పిల్లల్ని బీదర్‌కో, కోటాకో పంపి అక్కడే ఇంటర్ చదివిస్తున్నారు. చదువు బాగుండవచ్చు. కాని మన రాష్ట్రాల్లో స్థానికత లెక్కించేది, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి. తెలంగాణ వైద్య విద్య ప్రవేశాల్లో ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. కనుక ఆ రెండేళ్ల కోసం సరిహద్దు దాటిన పిల్లవాడు నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా సొంత రాష్ట్రంలో స్థానికేతరుడు కావచ్చు. కోచింగుకు పంపదలచుకుంటే, ఇంటర్ ఇక్కడే పూర్తిచేయించి ఆ తరువాత ఒక ఏడాదికి పంపడం మేలు.

ఇప్పుడు డబ్బు విషయానికి వద్దాం. మా వీధిలో ఒక దర్జీ కుటుంబం ఉంది. మూడేళ్ల క్రితం ఒక ఏజెంటు వచ్చి, పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఫార్మసీకి వారి అమ్మాయికి సగం ఫీజు మెరిట్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానన్నాడు. రంగుల కాగితం మీద అమ్మాయి పేరు అచ్చువేసి ఉత్తరం కూడా తెచ్చాడు. నేను కూడా ఆ ఉత్తరం చూసి "మాషా అల్లాహ్" అన్నాను. వెనక పేజీ చదవలేదు. అందులో చిన్న అక్షరాల్లో ఉంది: స్కాలర్‌షిప్ మొదటి ఏడాదికి మాత్రమే, రెండో ఏడాది నుంచి అన్ని సబ్జెక్టుల్లో నిర్ణీత గ్రేడు ఉంటేనే. మొదటి ఏడాది తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లకు ఒక్క సబ్జెక్టులో ఆ గ్రేడు రాలేదు. రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టడానికి ఇంటి పక్కన ఉన్న రెండు సెంట్ల స్థలం అమ్మారు. ఆ అమ్మాయి చదువు సాగుతోంది, అల్‌హందులిల్లాహ్. ఆ స్థలం మాత్రం ఆమె చెల్లెలి పెళ్లి కోసం పెట్టుకున్నది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేది చాలాసార్లు ధరలో తగ్గింపు మాత్రమే. ముందు ఫీజు పెంచి రాసి, తరువాత సగం కొట్టేస్తే, ఇచ్చినట్టూ ఉంటుంది, తీసుకున్నట్టూ ఉంటుంది. పండుగ ముందు బట్టల కొట్టువాడు చేసే పనే ఇది. ఏడాదికి 2 లక్షల ఫీజులో సగం తగ్గిస్తామన్నారనుకుందాం. నాలుగేళ్లకు 4 లక్షలే కదా అని మనం లెక్కేస్తాం. తగ్గింపు మొదటి ఏడాదికే అయితే అది 7 లక్షలు. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజు, యూనిఫారం, ఏడాదికి రెండుసార్లు రైలు ఖర్చు ఆ తగ్గింపులో ఉండనే ఉండవు. ట్యూషన్ ఫీజు మీదే తగ్గింపా, మొత్తం మీదా? ఏటా కొనసాగడానికి షరతేమిటి? గత సంవత్సరం మొదటి ఏడాదిలో తీసుకున్నవారిలో ఎందరికి రెండో ఏడాది కొనసాగింది? ఈ మూడో ప్రశ్నకు జవాబు కాలేజీ చెప్పదు, అక్కడ చదివే పిల్లలు చెబుతారు. సీనియర్ విద్యార్థితో ఒక్క పావుగంట ఫోనులో మాట్లాడితే ఏజెంటు చెప్పనిదంతా బయటపడుతుంది. యూజీసీ ప్రతి ఏడాదీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితానూ, ఫార్మసీ, నర్సింగ్, న్యాయవిద్య కౌన్సిళ్ల గుర్తింపునూ చూడటం అంతకన్నా ముందు చేయవలసిన పని.

ఇంకొక లెక్క. మన రాష్ట్ర ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంట్ సరిహద్దు దాటిన బీసీ, మైనారిటీ పిల్లల వెంట రాదనే లెక్కతోనే బయల్దేరాలి. ఇక్కడే ఉంటే వస్తుంది కదా అంటారా, అదీ సమయానికి రావడం లేదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తాళాలు వేసుకున్నాయి. అయినా ఆలస్యంగా వచ్చే సొమ్ము అసలు రాని సొమ్ము కంటే నయమే. ఊళ్లోనే మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వస్తుంటే, అదే కోర్సు కోసం పక్క రాష్ట్రపు ప్రైవేటు కాలేజీకి పోవడంలో నాకు ప్రయోజనం కనబడదు.

మరి నిజంగా చవకైనవి ఏవి? దక్షిణాదిలో ముస్లిం పెద్దలు స్థాపించిన ఎయిడెడ్ కాలేజీలు మన కళ్లకు ఆనడం లేదు. తిరుచిరాపల్లిలో జమాల్ మొహమ్మద్ కాలేజీ, చెన్నైలో న్యూ కాలేజీ రెండూ 1951 నాటివి. వాణియంబాడి ఇస్లామియా కాలేజీ 1919 నాటిది. కోజికోడ్ ఫరూఖ్ కాలేజీ 1948లో వెలిసింది. నెల్లూరు, చిత్తూరు జిల్లాల వారికి చెన్నై, వాణియంబాడి అలీగఢ్‌తో పోలిస్తే గుమ్మం ముందున్నట్టే. అయితే ఒక జాగ్రత్త. ఇలాంటి కాలేజీల్లో ఒకే ఆవరణలో ఎయిడెడ్ కోర్సులూ ఉంటాయి, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులూ ఉంటాయి. అదే బి.ఎస్.సి., అవే గదులు, ఫీజు మాత్రం ఎంతో తేడా. ఎయిడెడ్‌లో అధ్యాపకుడి జీతం ప్రభుత్వం ఇస్తుంది, సెల్ఫ్ ఫైనాన్స్‌లో మనమిస్తాం. దరఖాస్తులో ఏది రాస్తున్నామో చూసుకోవాలి. భాష గురించి భయపడేవారికి ఒక మాట: బోధన ఇంగ్లీషులోనే. అరవం హాస్టల్లో మూడు నెలల్లో వచ్చేస్తుంది.

ఆడపిల్లల్ని దూరం పంపడానికి వెనకాడే తల్లిదండ్రుల మనసు నాకు తెలుసు, నేనూ తండ్రినే. అలీగఢ్ మహిళా కళాశాల 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన బేగం పెట్టిన చిన్న బడి నుంచి ఎదిగింది. ఆనాడు ఆయనను తిట్టినవారు కూడా దీనిపేరే చెప్పి తిట్టారు. చెన్నైలో జస్టిస్ బషీర్ అహ్మద్ సయీద్ మహిళా కళాశాల 1955 నుంచి నడుస్తోంది. హాస్టలు చూడటానికి తండ్రి ఒక్కడే కాక తల్లి కూడా వెళ్లాలి. ఏం అడగాలో ఆమెకే బాగా తెలుసు.

ఉర్దూ విశ్వవిద్యాలయం గురించి రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 1998లో పార్లమెంటు చట్టంతో వచ్చిన ఈ సంస్థ హైదరాబాదులో ఉంది, దాని పాలిటెక్నిక్ కడపలో ఉంది. చేరాలంటే పదిలోనో, ఇంటర్‌లోనో ఉర్దూ చదివి ఉండాలి, లేదా మదరసా చదువు ఉండాలి. మన కోస్తా జిల్లాల పిల్లలు ఇంట్లో అమ్మతో ఉర్దూ మాట్లాడతారు, రాయమంటే అలిఫ్ దగ్గరే ఆగిపోతారు. మన నోటిలో ఉన్న భాష మన పిల్లలకు తాళమై కూర్చుంది. ఇది మా తరం టీచర్ల వైఫల్యం కూడా. మదరసాలో ఆలిమ్ పూర్తిచేసిన పిల్లలకు మాత్రం దారి ఉంది. అలీగఢ్ 2013లో వారికోసం బ్రిడ్జి కోర్సు పెట్టింది, గుర్తింపు పొందిన మదరసాల సనదును బి.ఎ. ప్రవేశానికి ఒప్పుకుంటుంది. మదరసాలో చేర్చే ముందే అది ఆ జాబితాలో ఉన్నదా అని అడిగే తండ్రి నూటికి ఒక్కడు కూడా కనబడడు.

మైనారిటీ పేరు లేకున్నా మన పిల్లలకు అందే స్కాలర్‌షిప్పులు ఇంకా ఉన్నాయి. ఇంటర్ బోర్డులో పైనున్న 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర విద్యాశాఖ డిగ్రీకి ఏడాదికి 12,000, పీజీకి 20,000 ఇస్తుంది. ఏటా కొత్తగా 82,000 మందికి, అందులో సగం ఆడపిల్లలకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది లేదు. కనుక సరిహద్దు దాటిన పిల్లలకే ఇది బాగా అక్కరకొస్తుంది. ఇంజినీరింగ్, డిప్లొమా చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు. బెంగళూరు, భోపాల్‌లలోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం మార్కులను బట్టి కాక కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజూ, హాస్టలు ఖర్చూ తగ్గిస్తుంది. ఇలాంటిదాన్నే నేను అసలైన స్కాలర్‌షిప్ అంటాను.

ఇవన్నీ మన చేతికి రాకుండా పోవడానికి కారణం చాలాసార్లు మార్కులు కాదు, పేరు. పదో తరగతి మెమోలో "షేక్ మస్తాన్ వలీ". ఆధార్‌లో "మస్తాన్ వలీ షేక్". బ్యాంకు పుస్తకంలో "ఎస్.కె. మస్తాన్". మహమ్మద్ అనే పవిత్ర నామాన్ని మనం ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో లెక్కలేదు. పోర్టల్‌కు ఈ ముగ్గురూ వేరువేరు మనుషులు. తొమ్మిదో తరగతిలోనే, పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే, ఆధార్ పేరూ బడి పేరూ అక్షరం తేడా లేకుండా సరిచేయించాలి. మా బడిలో ఏటా ఒక రోజంతా ఈ పనికే పెట్టుకుంటాము.

అప్పు సంగతి చెప్పక తప్పదు. 2024 నవంబరులో కేంద్రం విద్యాలక్ష్మి పథకం ప్రకటించింది. ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటు వస్తే హామీ ఆస్తి లేకుండా అప్పు ఇస్తారు, ఆదాయాన్ని బట్టి వడ్డీలో కొంత ప్రభుత్వం కడుతుంది. ఎంత తగ్గించినా వడ్డీ వడ్డీయే. తీసుకోవచ్చా అని నన్ను అడిగేవారికి మీ మఫ్తీసాబ్‌ను అడగండి అంటాను. కాని ఆ ప్రశ్న దాకా పిల్లవాణ్ణి నెట్టినది ఎవరన్నది కూడా అడగాలి. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు చెప్పిన ఎనిమిది పద్దుల్లో నిరుపేదలు, అక్కరగలవారు మొట్టమొదట ఉన్నారు. పేద విద్యార్థి అందులోకి వస్తాడు, సొమ్మును అతని చేతికే ఇచ్చి యజమానిని చేస్తే చాలునని ఉలమా చెబుతున్నారు. రమజానులో మన ఊరి జకాత్ ఎక్కడెక్కడి రసీదు పుస్తకాలకో పోతుంది. ఒక్కో జమాతు ఇద్దరు పిల్లల్ని మూడేళ్లపాటు పట్టుకుంటే, లేదా ఖర్జె హసనా కింద వడ్డీ లేకుండా ఇచ్చి ఉద్యోగం వచ్చాక తిరిగి తీసుకుంటే, ఎంతమంది బ్యాంకు గుమ్మం ఎక్కకుండా ఉంటారు!

చివరగా ఒక చిన్న విషయం. రెండు మూడు చోట్ల సీటు వచ్చినప్పుడు కంగారుపడి మొదటిచోట డబ్బు కట్టేస్తారు, తరువాత మంచిచోట వస్తే "కట్టింది పోతుంది కదా" అని ఆగిపోతారు. 2018 యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందుగా తప్పుకుంటే ఫీజు దాదాపు పూర్తిగా తిరిగివ్వాలి, ఆ తరువాత మెట్లు మెట్లుగా తగ్గుతుంది. అసలు సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని కూడా అందులో ఉంది. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, అసలైనవి చేతిలో పెట్టుకుని రైలెక్కండి.